అగస్టసు మార్చుకొన్న దీవి

దీవి యనగానే తెలుగువారికి విశ్రాంతి తోచుట ఇటీవలి మాట. మన పెద్దల వాడుకలో ద్వీపాంతరవాసము కఠినశిక్షకు పేరు. 1922 లో నర్సీపట్నపు మన్యమున రగిలిన తిరుగుబాటు అణగిన పిమ్మట, అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందరిని ఆంగ్లప్రభుత్వము అండమానులకు పంపెను. వారిలో నొకడైన గాము మల్లుదొర బ్రతికి వచ్చి, 1952 నాటి ఎన్నికలలో గెలిచి లోకసభ సభ్యుడయ్యెను. పాయకరావుపేటకు చేరువను, తాండవనది సముద్రమున కలియు పెంటకోట తీరమున నిలిచి తూర్పునకు చూచువానికి కంటికందినంత మేర నీరే కాని నేల కనబడదు. ఆ నీటికి ఆవల నున్న నేల ఒక తరమువారికి చెరసాల. నేడు సెలవులు గడుపుటకై అదే అండమానులకు బయలుదేరు కుటుంబములు స్వరాజ్ దీవి మేలా, దానికి పొరుగుననున్న షహీద్ దీవి మేలా యని ముందుగా తర్కించుకొనుచున్నవి. విహారమునకును శిక్షకును ఒకేచోటు పనికివచ్చుట వింతగా తోచును గాని, ఇది క్రొత్త సంగతి కాదు.

రెండువేల యేండ్లకు పూర్వము, ఇటలీదేశపు పడమటి సముద్రములో ఇరుగుపొరుగున నున్న రెండు దీవులను తూచి, పెద్దదానిని ఇచ్చివైచి చిన్నదానిని పుచ్చుకొన్న పురుషుడొకడు కలడు. అతడు రోమక సామ్రాజ్యమునకు మొదటి చక్రవర్తియైన అగస్టసు సీజరు. క్రీ.పూ. 8 వ సంవత్సరమున సెక్స్‌టిలిసు అను మాసమునకు ఆతని గౌరవార్థము క్రొత్తపేరు పెట్టిరి. మన బడులలో స్వాతంత్ర్యదినోత్సవము జరుపుకొను ఆగస్టు నెల యదియే. ఇట్లు ఆతని పేరు ప్రతి విద్యార్థి నాలుకపైనను ఆడుచున్నది. కాని అతడు విశ్రాంతికై ఏ దీవిని కోరెనో, తన కన్నబిడ్డకు ఏ దీవిని కేటాయించెనో చెప్పు కథ అంతగా ప్రచారములో లేదు.

ఆతని తొలి పేరు ఆక్టేవియసు. క్రీ.పూ. 63 సెప్టెంబరు 23 వ తేదీన రోము నగరమున పుట్టెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి పోయెను. తల్లి అతియా జూలియసు సీజరునకు మేనకోడలు. ధర్మపత్నులయందు మగసంతానము లేని సీజరు ఈ బాలుని చేరదీసి, తన మరణశాసనములో దత్తపుత్రునిగా వ్రాసియుంచెను. క్రీ.పూ. 44 మార్చి 15 న సీజరు సభాస్థలముననే హతుడైన నాటికి ఆక్టేవియసునకు పదునెనిమిదేండ్లు. ఆడ్రియాటికు సముద్రమునకు ఆవలి గట్టున అపలోనియా పట్టణములో చదువుకొనుచుండెను. తల్లి సందేహించినను, మారుతండ్రి వలదని వారించినను వినక, ఆ ప్రమాదకరమైన వారసత్వమును స్వీకరించి రోమునకు వచ్చెను.

తరువాతి పదునాలుగేండ్ల చరిత్ర రక్తముతో తడిసినది. ఆంటొనీ, లెపిడసు అను వారితో కూడి క్రీ.పూ. 43 లో వధింపదగినవారి పేర్ల పట్టికలు ప్రకటించిరి. మహావక్తయైన సిసిరో అందు బలియయ్యెను. మరుసటి యేట ఫిలిపి యుద్ధము. క్రీ.పూ. 31 సెప్టెంబరు 2 న ఆక్టియము నౌకాయుద్ధము. దాని వెనుక అలెగ్జాండ్రియా పతనము, ఆంటొనీ క్లియోపాత్రల ఆత్మహత్యలు. ఈ యుద్ధముల వివరములు ఏ రోమక చరిత్రలోనైనను దొరకును. క్రీ.పూ. 29 లో అతడు ఇటలీకి మరలి వచ్చునాటికి ఎదురు నిలువగలవాడు లోకమున లేడు. వయస్సు ముప్పదిమూడు మాత్రమే.

లోకమును గెలిచెను గాని శరీరము అలసిపోయినది. తిరుగు ప్రయాణములో కంపానియా సీమలోని అటెల్లా అను ఊర, గొంతునొప్పికి చికిత్స పొందుచు కొన్నాళ్లు ఆగెను. అచ్చటనే మహాకవి వర్జిలు, తాను ఏడేండ్లు శ్రమించి వ్యవసాయముపై రచించిన జార్జిక్సు కావ్యమును వరుసగా నాలుగు దినములు ఆతనికి చదివి వినిపించెననియు, కవి గొంతు అలసినప్పుడు మిత్రుడు మెసీనసు అందుకొని చదివెననియు వర్జిలు జీవితచరిత్ర చెప్పుచున్నది. గొంతు పూడిన విజేత మంచముపై పరుండి, దుక్కులను గూర్చియు, పశువులను గూర్చియు, తేనెటీగలను గూర్చియు వినుచుండుట చూడముచ్చటయైన దృశ్యము. సైన్యాధిపతికి అప్పుడు కావలసినది విజయగానము కాదు.

ఆతని ఆరోగ్యమును గూర్చి చరిత్రకారుడు సుటోనియసు వ్రాసిన సంగతులు చదివినచో, ఇతడా ప్రపంచమును ఏలినది యని ఆశ్చర్యము కలుగును. చలికాలమున దళసరి పైవస్త్రము క్రింద నాలుగు చొక్కాలును, రొమ్మునకు ఉన్నికవచమును తొడిగెడివాడు. శీతకాలపు టెండకైనను ఓర్వలేక, ఇంటి ఆవరణలో తిరుగునప్పుడును వెడల్పాటి టోపీ ధరించెడివాడు. పల్లకిలో, అదియు రాత్రివేళ, మెల్లమెల్లగా పోవుచు, రోమునకు కూతవేటు దూరమున నున్న ఊళ్లకు రెండు దినములు ప్రయాణము చేసెడివాడు. నీటిమీద పోవు వీలున్నచో నేలమీద పోవుటకు ఇష్టపడడు. ఆహారము ముతకరొట్టె, చిన్నచేపలు, పచ్చి జున్ను, అత్తిపండ్లు. క్రీ.పూ. 23 లో చావు అంచువరకు పోయి, అంటోనియసు మూసా యను వైద్యుడు వేడికాపడములు మాని చల్లనినీటి చికిత్స చేయుటచే బ్రతికెను. ఇట్టివాడు విశ్రాంతి స్థానమును వెదకుకొనుట విలాసము కాదు, అవసరము.

ఇక ఆ రెండు దీవుల సంగతి. నేపుల్సు అఖాతమునకు రెండు కొసలను రెండు దీవులు కావలి యున్నట్లుండును. వాయవ్యపు కొసను ఇస్కియా, దక్షిణపు కొసను కాప్రి. ఇస్కియా ప్రక్కన ప్రోచిదా అను చిన్నదీవి కూడ నున్నది గాని, మన కథకు దానితో పనిలేదు. ఇస్కియా వైశాల్యము సుమారు 46 చదరపు కిలోమీటర్లు. కాప్రి పది మాత్రమే. అనగా ఒక్క ఇస్కియాలో నాలుగు కాప్రులు ఇముడును. ఇస్కియా అగ్నిపర్వతము వలన పుట్టిన నేల. ద్రాక్షకు తగిన మన్ను, కుండలకు తగిన బంకమట్టి, ఇసుక పరచిన తీరములు, అన్నిటిని మించి ఉడుకునీటి ఊటలు. అందలి నీరు మూత్రాశయములోని రాళ్లను కరిగించునని భూగోళశాస్త్రజ్ఞుడు స్ట్రాబో కాలమునకే ప్రతీతి. పడమటి దేశములలో గ్రీకులు మొట్టమొదట కాపురమున్న చోటు అదియే. క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమునకు అచ్చట వారి ఊరు వెలసియుండెను. 1954 లో అచ్చటి యొక సమాధిలో దొరికిన మట్టిపాత్రపై మూడు పంక్తుల వ్రాత కలదు. హోమరు కావ్యములోని నెస్టరు పానపాత్రను తలచుకొని పరిహాసమాడిన పద్యమది. నేటికి దొరికిన గ్రీకు వ్రాతలలో మిక్కిలి ప్రాచీనములైన వానిలో నొకటి. కుండమీద పద్యము వ్రాసికొన్న కుమ్మరుల దీవిని సాహిత్యప్రియులు మరువరాదు.

కాప్రి యట్టిది కాదు. అది సున్నపురాతి కొండ. చుట్టును నిట్టనిలువు దరులు. ఓడ చేర్చుటకు అనువైన చోట్లు ఒకటి రెండే. నదులు లేవు, చెప్పుకొనదగిన ఊటలు లేవు. వానచుక్కను తొట్లలో పట్టుకొనియే బ్రతుకవలెను. ఇసుకతీరములు లేవనియే చెప్పవచ్చును. గులకరాళ్లమీదనో బండలమీదనో కూర్చుండి సముద్రమును చూడవలసినదే. తీరమునుండి కొండమీది అనకాప్రికి పోవుటకు రాతిలో తొలిచిన తొమ్మిదివందల పైచిలుకు మెట్లు కలవు. పందొమ్మిదవ శతాబ్దమున బండిబాట ఏర్పడువరకు అదియే దారి. వైద్యుని సలహా అడిగినచో, రోగపీడితుడు ఇస్కియాకు పోవలెనని చెప్పెడివాడు. నేడును సముద్రస్నానమునకును ఉడుకునీటి స్నానమునకును పోవువారు ఇస్కియానే కోరుకొందురు.

అయినను అగస్టసు కాప్రిని కోరెను. క్రీ.పూ. 29 లో నేపుల్సు పౌరులతో ఒప్పందము చేసికొని, కాప్రిని తాను పుచ్చుకొని, పూర్వము యుద్ధములో వారు పోగొట్టుకొనిన ఇస్కియాను వారికి మరల ఇచ్చెను. సుటోనియసు దీనికి చెప్పిన కారణము చిత్రమైనది. అగస్టసు కాప్రిలో అడుగు పెట్టినప్పుడు, నేలకు వ్రాలి వాడిపోవుచున్న యొక ముసలి ఓకు చెట్టు కొమ్మలు మరల చిగిర్చి నిలువబడెనట. ఆ శుభశకునమునకు మురిసి దీవిని సొంతము చేసికొనెనట. శకునములయందు ఆతనికి గట్టి నమ్మకముండెననుట నిజమే. ఉదయమున ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగినచో ఆ దినమంతయు కీడు శంకించెడివాడు. అయినను పదునాలుగేండ్లు ఎత్తులు పన్ని గెలిచినవాడు ఒక్క చెట్టును చూచి బేరమాడెననుట పూర్తి సత్యము కాజాలదు. ఎండిన కొమ్మ చిగిర్చుట వ్యాధిగ్రస్తుడైన యువకుని మనస్సును తాకియుండవచ్చును. కాని కొమ్మ వెనుక కొండయు నున్నది.

ఆ కారణములను ఊహించుట కష్టము కాదు. ఇస్కియా నిద్రించు నిప్పుల దీవి. దేవరాజైన జూసు టైఫాను అను రాక్షసుని అందలి కొండక్రింద పూడ్చిపెట్టెననియు, వాడు ఒత్తిగిలినప్పుడెల్ల భూమి కంపించి నిప్పు వెడలుననియు గ్రీకుల పురాణము. మన ఆదిశేషుడు తల మార్చునను గాథవంటిదే యిది. భూకంపములకును నిప్పులకును జడిసి తొలి గ్రీకులు దీవిని విడిచిరనియు, ఒకమారు సముద్రము వెనుకకు పోయి మరల విరుచుకొని పడి దీవిని ముంచెననియు స్ట్రాబో వ్రాసెను. పిమ్మటి చరిత్ర ఈ భయమును సమర్థించుచున్నది. 1302 లో ఇస్కియా నిప్పులు క్రక్కెను. 1883 జూలై 28 న వచ్చిన భూకంపమున కసమిచ్చోలా పట్టణము నేలమట్టమై రెండువేల మూడువందల మందికి పైగా మడిసిరి. 2022 నవంబరులో కొండచరియ విరిగిపడి పన్నెండుగురు మరణించిరి. కాప్రి సున్నపురాయికి ఈ అంతర్జ్వర మేదియు లేదు.

మరియొకటి. ఇస్కియా పెద్దది, జనము గలది, అందరకును వైద్యశాలవంటిది. కాప్రిని ఒక్కడే అనుభవింపవచ్చును. ఒక యింటి తోటవలె దానికి తలుపు వేసికొనవచ్చును. వచ్చు పడవను ఒకటి రెండు చోట్ల కాచినచో చాలును. పెంపుడు తండ్రి నిండుసభలో కత్తిపోట్లకు కూలుట ఎరిగినవానికి, నలుదెసల నిలువుదరులు గల దీవి ఎంత మనశ్శాంతి నిచ్చునో చెప్పనక్కరలేదు. విశ్రాంతి యన్నను అరక్షణమైనను వెనుకకు తిరిగి చూడనక్కరలేకుండుట యన్నను ఆతనికి ఒకటియే. ఈ సంగతిని గుర్తించిన పిమ్మట పెద్దదానిని ఇచ్చి చిన్నదానిని పుచ్చుకొనుట నష్టపు బేరముగా తోచదు.

కాప్రిలో అతడు ఇండ్లు కట్టించెను గాని పాలరాతి ఆడంబరమునకు పోలేదు. విగ్రహములకంటె నడకదారులును చెట్లతోపులును ఆతనికి ప్రియములు. ఒక విచిత్రమైన సేకరణ మాత్రము చేసెను. రాక్షసుల ఎముకలని జనులు చెప్పుకొను పెద్ద పెద్ద జంతువుల యెముకలను, పూర్వవీరుల ఆయుధములను కూర్చి అచ్చట ఉంచెను. ఇది కట్టుకథ యని చాలకాలము నవ్వినవారుండవచ్చును. 1905 లో కాప్రిలోని క్విసిసానా హోటలును పెంచుటకై పునాది త్రవ్వగా ఏనుగు, నీటిగుర్రము మొదలగు ఆదికాలపు జంతువుల యెముకలును, వానితోబాటు రాతి పనిముట్లును బయటపడినవి. ఇగ్నాజియో చేరియో అను ఆ దీవి వైద్యుడు వానిని భద్రపరచెను. అగస్టసు కాలమునను ఇట్టివే దొరికియుండును. కథ చెప్పిన రాక్షసులు ఏనుగులును, వీరుల ఆయుధములు ఆదిమానవుల రాతిగొడ్డళ్లును కావచ్చును. చక్రవర్తి తెలియకయే పురావస్తుశాల నొకదానిని నెలకొల్పెను.

క్రీ.పూ. 27 లో సభవారు ఆతనికి అగస్టసు అను బిరుదమిచ్చిరి. అప్పటినుండి రాజ్యమంతయు ఒక్కనిపై పడెను. భారతదేశపు రాజులును ఆతనికడకు రాయబారులను పంపిరి; పాములు, పెద్ద నదీకూర్మము, రాబందుకంటె పెద్దదియైన యొక పక్షి కానుకలుగా వెళ్లెనని స్ట్రాబో చెప్పుచున్నాడు. పని ఎక్కువైనకొలది ఏకాంతముపై కోరికయు పెరిగెను. రోములోని యింటిలో మేడమీద నొక చిన్నగది యుండెను. ఎవ్వరును భంగము చేయరాదని తలచినప్పుడు అందులోనికి పోయెడివాడు. జబ్బుచేసినచో మెసీనసు ఇంట పడుకొనెడివాడు. కొన్ని దినములు చిక్కినచో కంపానియా తీరమునకును దీవులకును పోయెడివాడు. విశ్రాంతివేళ గాలము వేసి చేపలు పట్టుట, పాచికలాడుట, చిన్నపిల్లలతో గోళీలును కాయలును ఆడుట ఆతని వినోదములు. నరముల బలహీనతకు ఉప్పునీటి స్నానము చేయవలసి వచ్చినప్పుడు, కొయ్యపీటపై కూర్చుండి చేతులొకమారు కాళ్లొకమారు నీటిలో ఆడించెడివాడు. సముద్రతీరమున విశ్రమించు లోకాధిపతి జలక్రీడ అంతమాత్రమే.

ఇచ్చట కథ మలుపు తిరుగుచున్నది. ఆతనికి ఒక్కతే కుమార్తె, జూలియా. రెండవభార్య స్క్రిబోనియాయందు పుట్టినది. ఆ బిడ్డ పుట్టిన దినముననే తల్లికి విడాకులిచ్చి, పిమ్మట లివియాను పెండ్లాడెను. జూలియాను వారసులకొరకు ముగ్గురికి వరుసగా కట్టబెట్టెను. మొదటివాడు మార్సెల్లసు చచ్చెను. రెండవవాడు సేనాపతి అగ్రిప్ప ఐదుగురు బిడ్డలను కని చచ్చెను. మూడవవాడు లివియా కొడుకైన టైబీరియసు. మనసులు కలియక భార్యను విడిచి రోడ్సు దీవికి పోయి కూర్చుండెను. క్రీ.పూ. 2 లో జూలియా శీలమును గూర్చిన అపవాదు తండ్రి చెవిని పడెను. కుటుంబ నీతిని కాపాడుటకై శాసనములు చేసినవాడు ఆతడే. కూతురిని ఆ శాసనమునకు అప్పగింపక తప్పలేదు. అప్పగించిన తీరులో మాత్రము తండ్రి కానరాడు.

ఆమెకు పండటేరియా దీవి ఏర్పాటయ్యెను. నేటి పేరు వెంటొటేనే. ఇస్కియాకు పడమరగా, అదే సముద్రమున రెండు చదరపు కిలోమీటర్లైనను లేని రాతితునక. సముద్రపు టొడ్డున చక్కని భవన మొకటి అందుండెను. దాని శిథిలములు నేటికిని ఉన్నవి, విహారయాత్రికులు చూచి వచ్చుచున్నారు. తండ్రి విశ్రాంతికై కట్టించుకొన్న యిండ్లకును దీనికిని చూపునకు భేదము లేదు. ఆమెకు ద్రాక్షసారాయము ఇయ్యరాదు. సుఖవస్తువులు ఉండరాదు. ఏ పురుషుడును, బానిసయైనను స్వతంత్రుడైనను, చక్రవర్తి అనుమతి లేక దీవిని చేరరాదు. చేరవలసినవాని వయస్సు, పొడవు, రంగు, మేని మచ్చలు ముందుగా తండ్రికి తెలియవలెను. కాప్రికి నిలువుదరులు ఏ పని చేసెనో, పండటేరియాకు ఈ శాసనము ఆ పనియే చేసెను. ఒకచోట లోకమును లోపలికి రానీయకుండుట, మరియొకచోట మనిషిని వెలుపలికి పోనీయకుండుట. విడాకులు పొందిన తల్లి స్క్రిబోనియా, ఎవరును కోరకయే, బిడ్డవెంట ఆ దీవికి పోయెను. ఈ కథయందు చేతులెత్తి మ్రొక్కదగిన వ్యక్తి ఆమెయే.

రోము ప్రజలు జూలియాను పిలిపింపుమని ఎన్నిమారులో వేడిరి. నిప్పును నీరును కలిసిన నాడు ఆమె మరలునని అతడు కోపించగా, జనులు మండుచున్న కాగడాలను టైబరు నదిలో పారవైచిరని చరిత్రకారుడు డియో వ్రాసెను. ఐదేండ్లకు మనసు కొంత కరగి, దీవినుండి నేలమీది రీజియము పట్టణమునకు మార్చెను. రోమునకు మాత్రము రానీయలేదు.

పిమ్మట వంశమంతయు దీవులపాలయ్యెను. వారసులుగా పెంచుకొన్న మనుమలు లూసియసు, గేయసు క్రీ.శ. 2, 4 సంవత్సరములలో పరదేశములందు మరణించిరి. మూడవ మనుమడు అగ్రిప్ప పోస్ట్యుమసు మొరటుతనము సహింపలేక మొదట సొరెంటోకు పంపెను. కాప్రికి ఎదురుగా నున్న ఊరది. అచ్చటను కుదురుగా నుండలేదని క్రీ.శ. 7 లో ప్లనేసియా అను చదునుదీవికి తరలించి, సైనికులను కావలి యుంచెను. ఆ కుర్రవాడు రోజంతయు చేపలు పట్టుచు, తన్ను తాను సముద్రదేవుడైన నెప్ట్యూననని చెప్పుకొనెడివాడు. తాతకు గాలము విశ్రాంతి, మనుమనికి గాలమే బ్రతుకు. క్రీ.శ. 8 లో మనుమరాలు చిన్న జూలియాయు తల్లిత్రోవనే త్రొక్కెనని ఆడ్రియాటికు సముద్రములోని ట్రిమెరసు దీవికి పంపెను. శిక్ష పడిన పిమ్మట ఆమె కనిన శిశువును పెంచుటకు అనుమతింపలేదు. ఈ ముగ్గురును తన మేని వ్రణములని చెప్పుకొనెడివాడు. ఈ కాఠిన్యమును ధర్మనిష్ఠ యని పొగడినవారు లేకపోలేదు. తనవారిని క్షమింపక, తన శత్రువులను ఎందరినో క్షమించినవానిని అర్థము చేసికొనుట సులభము కాదు.

క్రీ.శ. 14 నాటికి ఆతనికి డెబ్బదియైదేండ్లు నిండెను. ఆ యేడు ఒక్క మిత్రుడు ఫేబియసు మాక్సిమసును వెంటబెట్టుకొని, ఎవ్వరికిని తెలియకుండ ప్లనేసియాకు పోయి మనుమని చూచెననియు, ఇద్దరును కన్నీరు పెట్టుకొనిరనియు ఒక వదంతి పుట్టెను. టాసిటసు దానిని వదంతిగానే వ్రాసెను. నిజమో కాదో తేలదు. జనులు అది నమ్మదలచిరనుటలో మాత్రము సందేహము లేదు.

ఆ వేసవిలోనే టైబీరియసును సాగనంపుటకై దక్షిణమునకు బయలుదేరెను. అస్టూరా రేవున, అలవాటు లేకున్నను, గాలి అనుకూలముగా నున్నదని రాత్రివేళ ఓడ నెక్కెను. అప్పుడే కడుపునొప్పి పట్టుకొనెను. అయినను కంపానియా తీరము వెంబడి దీవులను చుట్టి వచ్చుచుండగా, పుతియోలి రేవు వద్ద అలెగ్జాండ్రియానుండి అప్పుడే వచ్చిన ఓడ ఎదురయ్యెను. అందలి నావికులు తెల్లనిబట్టలు కట్టి, పూదండలు ధరించి, ధూపము వేసి, తమ బ్రతుకును, తమ నావికావృత్తియు, తమ స్వేచ్ఛయు ఆతని చలువయేయని కేకలు వేసిరి. మనదేశపు మిరియములు, ముత్యములు, సన్ననూలు వస్త్రములు ఎర్రసముద్రము మీదుగా అలెగ్జాండ్రియాకు చేరి, ఇట్టి ఓడలలోనే ఇటలీకి దిగెడివి. ఆ వర్తకమునకు గుర్తుగా అగస్టసు, టైబీరియసుల ముద్రలు గల వెండినాణెములు పూర్వపు కరీంనగరు జిల్లా నస్తుల్లాపూరునను, నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలోను దొరికినవి. నావికుల మాటలకు ముసలి చక్రవర్తి ఎంత మురిసెననగా, వెంటనున్నవారికి తలకు నలుబది బంగారునాణెములిచ్చి, వానిని అలెగ్జాండ్రియా సరకులు కొనుటకే ఖర్చుపెట్టుదుమని ప్రమాణము చేయించుకొనెను.

తరువాత కాప్రిలో నాలుగు దినములు. ఆతని జీవితమున నిండు విశ్రాంతి యనదగినది ఈ నాలుగు దినములే. పదవి చేపట్టిన తొలినాట అటెల్లాలో కావ్యము వినుచు గడిపిన నాలుగు దినములకు ఇవి జోడు. రోమకులకు గ్రీకు దుస్తులు, గ్రీకులకు రోమక దుస్తులు పంచి, ఒకరి భాష నొకరు మాటలాడవలెనని నియమము పెట్టెను. దీవిలోని గ్రీకు యువకులు సాము చేయుచుండగా చూచి, వారికి విందు చేసి, పండ్లకును తినుబండారములకును త్రొక్కులాడనిచ్చెను. కాప్రి ప్రక్కనున్న చిన్నదీవికి, తన పరివారములోని సోమరులు అందు చేరుచున్నారని, సోమరిపురమను అర్థము వచ్చు గ్రీకు పేరు పెట్టెను. అది ఏ దీవియో పండితులలో ఏకాభిప్రాయము లేదు.

ఒకనాటి రాత్రి భోజనశాలనుండి చూడగా, దూరమున నొక సమాధి చుట్టును దివిటీలు వెలుగుచుండెను. అది క్రిందటి యేడు చనిపోయిన మస్గాబా అను పరివారకునిది. అతనిని దీవికి స్థాపకుడని అగస్టసు ఆటపట్టించెడివాడు. ఆ వెలుగును చూచి అప్పటికప్పుడు గ్రీకున ఒక పద్యపాదము కట్టి, ఎదుట కూర్చున్న త్రాసిల్లసు అను జ్యోతిష్కుని అది ఏ కవిదని అడిగెను. అతడు తడబడెను. మరియొక పాదము కట్టి మరల అడిగెను. ఎవరివైనను చక్కగా నున్నవని అతడు లౌక్యముగా బదులు చెప్పగా, చక్రవర్తి పగలబడి నవ్వెను. సమాధులను చూచి నవ్వగల స్థితి కొందరికి ముసలితనమున వచ్చును. ఆ నవ్వు ఆతనికి ఆ దీవి యిచ్చిన కడపటి కానుక.

పిమ్మట నేపుల్సులో తన పేర జరుగు పందెములు చూచి, బెనెవెంటమువరకు టైబీరియసును సాగనంపి, తిరుగుదారిలో జబ్బు ముదిరి నోలా పట్టణమున ఆగెను. ఆగస్టు 19 వ తేదీన, తండ్రి చనిపోయిన గదిలోనే, కన్నుమూసెను. డెబ్బదియారేండ్లు నిండుటకు ముప్పదియైదు దినములు తక్కువ. ఎండలకు వెరచి శవమును రాత్రులందే మోయుచు బోవిల్లేవరకు తెచ్చిరి. బ్రతికిననాళ్లు చీకటిలో మెల్లగా ప్రయాణించినవాని కడపటి ప్రయాణమును చీకటిలోనే సాగెను. మరణశాసనము విప్పి చూడగా, కుమార్తెను గాని మనుమరాలిని గాని తన సమాధిమందిరమున చేర్పరాదని అందు వ్రాసియుండెను.

ప్లనేసియాలోని మనుమని కావలి సైనికులు వెంటనే చంపిరి. ఆజ్ఞ ఎవరిదో నేటికిని తేలలేదు. రీజియములో జూలియా, టైబీరియసు భత్యము ఆపివేయగా, ఆ యేటనే కృశించి మరణించెను. కాప్రి టైబీరియసునకు సంక్రమించెను. అతడు క్రీ.శ. 27 లో ఆ దీవికి చేరి, పన్నెండు భవనములలో కాపురముండి, పదేండ్లపాటు అచ్చటినుండియే సామ్రాజ్యమును ఏలెను. అతడు చేరిన మరుసటి యేట, ఇరువదియేండ్లుగా ట్రిమెరసు దీవిలోనే యున్న చిన్న జూలియా కన్నుమూసెను.